విచారణ ఎవరికి? – అహల్య కథ, సాక్ష్యచట్టం, లైంగికదాడి బాధితుల న్యాయం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు స్త్రీవాద కథాసాహిత్యంలో ఓల్గా రచించిన ‘మృణ్మయనాదం’ అహల్య వృత్తాంతాన్ని పునఃకథనం చేసింది. ఈ కథలో అహల్య ‘విచారణ’ అనే భావననే ప్రశ్నిస్తుంది. భారతదేశంలో లైంగికదాడి చట్టాల సంస్కరణ చరిత్రకు కూడా కేంద్రబిందువు ఇదే. న్యాయస్థానం ఎవరిని విచారిస్తున్నది? నిందితుడి చర్యనా, బాధితురాలి శీలాన్నా? వాల్మీకి రామాయణంలోని రెండు అహల్యా వృత్తాంతాలను, ఓల్గా కథను, 1860 నుంచి 2024 వరకు వచ్చిన చట్టపరమైన మార్పులను, తెలుగునేలపై నడిచిన కొన్ని వ్యాజ్యాలను పక్కపక్కన ఉంచి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అహల్య నిరాకరణలోని బలాన్ని, దాని పరిమితిని రెండింటినీ గుర్తించినప్పుడే సంస్కరణ దిశ స్పష్టమవుతుందని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ఉపోద్ఘాతం: గౌతమి ఒడ్డు

జొన్నాడ దాటి గౌతమి వంతెన దిగితే రావులపాలెం. కోనసీమకు ముఖద్వారం. అరటిగెలల లారీలు, అమలాపురం, కొత్తపేట వెళ్లే బస్సులు, జాతీయ రహదారి కలిసే ఈ ఊరి పక్కన పారే నది పేరు గౌతమి. గోహత్యాదోషం పోగొట్టుకోవడానికి గౌతమమహర్షి గంగను భూమికి తెచ్చాడని, అందువల్ల గోదావరికి ఆ పేరు వచ్చిందని ఐతిహ్యం. కోనసీమ ప్రజలు చెప్పుకొనే సప్తగోదావరుల పేర్లు తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భారద్వాజ, కౌశిక, వాసిష్ఠ. ఇవన్నీ ఋషుల సంబంధమైన పేర్లే. గౌతముడి భార్య అహల్య పేరిట ఒక్క పాయ కూడా లేదు. దోషం చేసిన ఋషి ప్రాయశ్చిత్తం నదిగా మారి డెల్టాను పండించింది. అన్యాయానికి గురైన స్త్రీ జ్ఞాపకం మాత్రం రాయిగా మిగిలింది.

ఈ వ్యత్యాసం కేవలం పురాణవిశేషం కాదు. లైంగికదాడి జరిగినప్పుడు సమాజం ఎవరి నష్టాన్ని లెక్కవేస్తుంది, ఎవరిని ప్రశ్నిస్తుంది అన్నదానికి అది ఒక నమూనా. ఆ నమూనా కావ్యాల్లోంచి చట్టాల్లోకి, చట్టాల్లోంచి పోలీసుఠాణాల్లోకి ఎలా ప్రయాణించిందో గమనించడం సాహిత్యవిమర్శకు సంబంధించిన పనే. ఎందుకంటే న్యాయస్థానంలో జరిగేది కూడా ప్రధానంగా ఒక కథనాన్ని నమ్మడమో, నమ్మకపోవడమో.

2. ఒకే కావ్యంలో రెండు వాంగ్మూలాలు

వాల్మీకి రామాయణంలో అహల్య కథ రెండుచోట్ల వస్తుంది. బాలకాండ 48వ సర్గలో విశ్వామిత్రుడు రాముడికి చెప్పే కథ ప్రకారం, మునివేషంలో వచ్చినవాడు ఇంద్రుడని అహల్యకు తెలుసు. తెలిసే, కుతూహలంతో అంగీకరించింది. ఉత్తరకాండ 30వ సర్గలో వచ్చే కథనం దీనికి విరుద్ధం. అక్కడ అహల్య, భర్త రూపంలో వచ్చినవాణ్ణి గుర్తించలేక మోసపోయానని, తన కోరికతో జరిగింది కాదని గౌతముడికి విన్నవించుకుంటుంది.

ఈ రెండింటి మధ్య మరో ముఖ్యమైన భేదం ఉంది. బాలకాండలో కథ చెప్పేవాడు విశ్వామిత్రుడు. అహల్య మనసులో ఏముందో కూడా ఆయనే చెబుతాడు. ఉత్తరకాండలో అహల్య తన మాట తానే చెప్పుకుంటుంది. ఆమె స్వయంగా మాట్లాడినచోట తాను మోసపోయానంటున్నది. ఆమె గురించి ఇతరులు మాట్లాడినచోట ఆమె ఇష్టపడిందంటున్నారు. ఉత్తరకాండ తరువాతి చేర్పు అన్న పండితాభిప్రాయాన్ని అంగీకరించినా ఈ పరిశీలనకు భంగం లేదు. పరంపర తనకు అనుకూలమైన కథనాన్ని ఎంచుకున్న తీరే ఇక్కడ ముఖ్యం. పద్దెనిమిదో శతాబ్దిలో సముఖము వెంకటకృష్ణప్పనాయకుడు రచించిన ‘అహల్యాసంక్రందనము’ ఈ ఎంపికను చివరిదాకా తీసుకుపోయి, దానిని అహల్యా దేవేంద్రుల ప్రణయంగా శృంగారప్రబంధం చేసింది. స్త్రీ కోరికకు చోటిచ్చిన కావ్యంగా దానిని మెచ్చుకొనేవారున్నారు. అయితే మోసం జరిగిందన్న వాంగ్మూలం మాత్రం ఆ ప్రణయంలో కనుమరుగైంది.

నేటి న్యాయస్థానాల్లో అడ్డుప్రశ్నలకు ప్రధానమైన ఆయుధం ఇటువంటి వైరుధ్యమే. పోలీసుల ఎదుట చెప్పినదానికి, మేజిస్ట్రేటు ఎదుట చెప్పినదానికి, కోర్టు బోనులో చెప్పినదానికి మధ్య తేడాలను వెతికి, ఆ తేడాలతో సాక్ష్యాన్ని కొట్టివేయమంటారు. ఆ మూడింటిలో ఆమె సొంత మాట ఎంత, రాసుకొన్నవారి మాట ఎంత అన్నది తరచుగా విచారణకు రాదు.

శిక్షల విషయంలోనూ బాలకాండ ఒక ఆలోచింపజేసే వివరం ఇస్తుంది. గౌతముడి శాపం వల్ల ఇంద్రుడు వృషణాలు కోల్పోతాడు. వెంటనే అతడు అగ్ని మొదలైన దేవతలను ఆశ్రయిస్తాడు. పితృదేవతలు మేషవృషణాలు అమర్చి అతని నష్టాన్ని పూడుస్తారు. అహల్య మాత్రం గాలిని ఆహారంగా తీసుకుంటూ, బూడిదలో, ఎవరికీ కనబడకుండా రాముడు వచ్చేదాకా ఉండాలి. నేరం చేసినవాడికి అండగా ఒక సభ ఉంది. ఆమెకు లేదు.

3. శిక్షాస్మృతిలో అహల్య

1860 నాటి భారత శిక్షాస్మృతి 375వ సెక్షన్ అత్యాచారాన్ని నిర్వచిస్తూ కొన్ని సందర్భాలను వరుసగా చెప్పింది. వాటిలో నాల్గవది: తాను భర్తను కానని పురుషుడికి తెలిసి, ఆ స్త్రీ అతణ్ణి తన భర్తగా నమ్మి సమ్మతించినప్పుడు, ఆ సమ్మతి సమ్మతి కాదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 63వ సెక్షన్‌లోనూ ఈ అంశం కొనసాగుతున్నది. ఉత్తరకాండలో అహల్య చెప్పుకొన్న మాటను ప్రమాణంగా తీసుకుంటే ఈ నిర్వచనం కింద ఇంద్రుడు నేరస్థుడు, అహల్య బాధితురాలు. పురాణం ఇవ్వలేని తీర్పును శిక్షాస్మృతి అక్షరాలా ఇవ్వగలదు.

కానీ ఆ అక్షరం వెనక ఉన్న తర్కాన్ని కూడా చూడాలి. ఆ నిర్వచనం ఏ మోసాన్ని ప్రత్యేకంగా గుర్తించింది? భర్తనని నమ్మించే మోసాన్ని. అదే సెక్షన్‌లోని మినహాయింపు, భర్త తన భార్యపట్ల చేసినదాన్ని అత్యాచారంగా పరిగణించదు. భార్య వయసు పద్దెనిమిదికి తగ్గకూడదన్న పరిమితి మాత్రం 2017లో సుప్రీంకోర్టు తీర్పు తరువాత స్థిరపడింది. అంటే నిజమైన గౌతముడు బలవంతం చేస్తే అది నేరం కాదు. కపటగౌతముడు చేస్తేనే నేరం. ఇక్కడ స్త్రీ ఇష్టం కన్నా భర్త హక్కుకే చట్టం కాపలా కాసినట్లు కనిపిస్తుంది. వ్యభిచారాన్ని నేరంగా చూపిన 497వ సెక్షన్ ఈ దృష్టికి ఇంకా స్పష్టమైన రూపం. అందులో భర్త సమ్మతి ఉంటే నేరమే లేదు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న దానిని కొట్టివేసింది. వైవాహిక మినహాయింపు మాత్రం కొత్త సంహితలోకి కూడా చేరింది.

4. ‘మృణ్మయనాదం’: ప్రశ్ననే ప్రశ్నించడం

ఓల్గా ‘విముక్త’ సంపుటిలోని కథలు రామాయణంలోని స్త్రీలను ఒకరినొకరు కలుసుకొనేలా చేస్తాయి. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ సంపుటిలో ‘మృణ్మయనాదం’ సీతను అహల్య దగ్గరకు తీసుకువెళుతుంది. అహల్యను గురించి సీతకు అప్పటికే తెలిసినది లోకం చెప్పిన కథ. ఇప్పుడు ఆమె నోటనే వింటుంది.

ఈ కథలో ఓల్గా చేసిన ముఖ్యమైన పని, పై రెండు వాంగ్మూలాల్లో ఏది సరైనదో తేల్చకుండా వదిలివేయడం. వచ్చినవాడు ఇంద్రుడని అహల్యకు తెలుసా, తెలియదా అన్న ప్రశ్న లోకాన్ని ఎంతో వేధిస్తుంది. గౌతముడికి మాత్రం ఆ భేదంతో పనే లేదు. తెలిసినా, తెలియకపోయినా అతని ఆస్తి మరొకరి చేతిలో పడింది, మైలపడింది. అతని కోపానికి అదే కారణమని అహల్య గ్రహిస్తుంది. స్త్రీ సమ్మతి గురించి ఇంత చర్చ చేసిన పరంపర నిజానికి సమ్మతిని లెక్కలోకే తీసుకోలేదన్న నిజం ఈ ఒక్క పరిశీలనతో బయటపడుతుంది.

దాని నుంచి వచ్చేదే సీతకు అహల్య చేసే హెచ్చరిక. విచారణకు ఎన్నడూ అంగీకరించవద్దు. విచారించడమంటేనే అనుమానించడం. నిర్దోషివని తేలినా, ఆ తేల్చే అధికారాన్ని ఎదుటివాడికి ఇచ్చినట్లే. సీత భవిష్యత్తులో అగ్నిపరీక్ష ఉన్నదని పాఠకుడికి తెలుసు కనుక ఈ మాట కథలో గంభీరమైన ధ్వనిని పొందుతుంది. రచయిత్రి వాదాన్ని నినాదంగా కాక, రాబోయే దుఃఖాన్ని ఎరిగిన పెద్దముత్తయిదువ మందలింపుగా నడిపించడం ఈ కథకున్న శిల్పబలం.

అయితే ఒక సందేహం తప్పదు. న్యాయవ్యవస్థ విచారణ మీదే నిలుస్తుంది. నిందితుడి స్వేచ్ఛ ప్రమాదంలో ఉన్నప్పుడు ప్రశ్నలు అడగకుండా శిక్ష వేయడం న్యాయం కాదు. అహల్య మాటను యథాతథంగా తీసుకుంటే బాధితురాలు న్యాయస్థానం గడప తొక్కకూడదన్న అర్థం వస్తుంది. ఈ సందేహానికి సమాధానం కథలో కన్నా చరిత్రలో వెతకాలి.

5. శీలం సాక్ష్యమైన కాలం

1872 నాటి సాక్ష్యచట్టం 155వ సెక్షన్ నాల్గవ ఉపవిభాగం, అత్యాచారం కేసులో ఫిర్యాదుచేసిన స్త్రీ సాధారణంగా అవినీతిపరురాలని చూపి ఆమె సాక్ష్యాన్ని బలహీనపరచడానికి నిందితుడికి వీలిచ్చింది. అహల్య భయపడిన విచారణ ఇదే. 130 ఏళ్లపాటు అది చట్టబద్ధంగా సాగింది.

దాని ఫలితం హైదరాబాదులో 1978 మార్చిలో కళ్లకు కట్టింది. నల్లకుంట పోలీసుస్టేషనులో రమీజాబీపై జరిగిన అత్యాచారం, దానిని నిరసించిన ఆమె భర్త పోలీసుల దెబ్బలకు మరణించడం నగరాన్ని కుదిపివేశాయి. జస్టిస్ ముక్తదర్ కమిషను ముందు పోలీసుల పక్షం చేసిన వాదనలో పెద్దభాగం ఆమె శీలం చుట్టూ, ఆమె వివాహం చెల్లుతుందా అన్నదాని చుట్టూ తిరిగింది. ఆమె వేశ్య అని నిరూపిస్తే నేరం నేరం కాకుండా పోతుందన్నది ఆ వాదనలోని అంతరార్థం. కమిషను పోలీసులను దోషులుగా గుర్తించింది. తరువాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఈ ఘటన కాలంలోనే హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన రూపుదిద్దుకొంది. తెలుగులో స్త్రీవాద సాహిత్యానికి నేపథ్యమైన ఉద్యమాల్లో అది ముఖ్యమైనది. అందువల్ల ఓల్గా అహల్య నోట వినబడే ‘విచారణ’ అన్న పదం పురాణపదం మాత్రమే కాదు. దాని వెనక సమీపచరిత్ర ఉంది.

అదే 1978లో మహారాష్ట్రకు చెందిన మథుర కేసులో సుప్రీంకోర్టు, ఒంటిమీద గాయాలు లేవు కనుక ప్రతిఘటన లేదని, ప్రతిఘటన లేదు కనుక సమ్మతి ఉన్నదని తర్కించి పోలీసులను విడిచిపెట్టింది. 1979లో ఉపేంద్ర బక్షి, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, లోతికా సర్కార్ ప్రధాన న్యాయమూర్తికి రాసిన బహిరంగలేఖ, లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అన్న భేదాన్ని దేశం ముందు పెట్టింది. ఆ తరువాతి సవరణల వరుస ఇది. 1983లో కస్టడీ అత్యాచారాల్లో సమ్మతి లేదని స్త్రీ చెబితే కోర్టు ఆ మాటనే ముందుగా నమ్మాలన్న నియమం, బాధితురాలి పేరు బయటపెట్టడంపై నిషేధం, రహస్యవిచారణ వచ్చాయి. 2002 సవరణతో 155వ సెక్షన్‌లోని శీలప్రస్తావన రద్దయింది. జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరి 23న ఇచ్చిన నివేదిక తరువాత వచ్చిన సవరణ, సమ్మతి అంటే స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలిపిన అంగీకారమని, శారీరకంగా ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతి కాదని నిర్వచించింది. పూర్వ లైంగికానుభవం సమ్మతి విషయంలో అసంగతమని చెప్పింది. ‘రెండువేళ్ల పరీక్ష’ను సుప్రీంకోర్టు 2013లో తప్పుబట్టింది, 2022 అక్టోబరు 31న, ఆ పరీక్ష చేసేవారు దుష్ప్రవర్తనకు బాధ్యులవుతారని హెచ్చరించింది.

ఈ వరుసను ఒకే వాక్యంలో సంగ్రహించవచ్చు. నలభై ఏళ్ల సంస్కరణ అంతా విచారణను బాధితురాలి మీదనుంచి నిందితుడి మీదికి మళ్లించే ప్రయత్నం. అహల్య కోరినది అదే. ఆమె నిరాకరించినది ప్రశ్నను కాదు, ఆ ప్రశ్న తనవైపు తిరగడాన్ని.

6. విచారణను కోరినవారు

ఇక్కడ ఓల్గా కథకున్న పరిమితి కూడా కనబడుతుంది. ఆమె అహల్య ఋషిపత్ని. ఏకాంతంలో ప్రకృతితో సంభాషించి తన సత్యాన్ని తాను నిర్మించుకొనే అవకాశం ఆమెకు ఉంది. లోకం ఇచ్చే తీర్పును పట్టించుకోకుండా బతకగలగడం ఒక స్వేచ్ఛ. అది అందరికీ అందే స్వేచ్ఛ కాదు. ‘నల్లపొద్దు’ వంటి సంకలనాల ద్వారా దళిత స్త్రీలు తెలుగు స్త్రీవాదానికి గుర్తుచేసిన విషయం ఇదే. ఎవరి దేహంపై దాడి జరిగినా లోకం దానిని నేరంగానే గుర్తించనిచోట, విచారణ జరగాలని పట్టుబట్టడమే ప్రతిఘటన.

విశాఖ మన్యంలోని వాకపల్లి దీనికి సాక్ష్యం. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలంలోని ఆ గ్రామంలో గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. నిందితులు హైకోర్టుకు వెళ్లారు. 2012లో హైకోర్టు పదముగ్గురిపై విచారణకు అనుమతించింది. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లి, 2017లో విచారణను త్వరగా ముగించాలన్న ఆదేశంతో తిరిగివచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద ఏర్పడిన విశాఖ ప్రత్యేక న్యాయస్థానం 2023 ఏప్రిల్ 6న తీర్పు చెప్పింది. నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. అయితే దర్యాప్తు సక్రమంగా జరగలేదని అదే తీర్పు తప్పుబట్టింది. ఆ మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం చెల్లించాలని ఆదేశించింది.

ఫిర్యాదుకూ తీర్పుకూ మధ్య పదిహేనేళ్లకు పైగా గడిచింది. ఈ కేసులో అడ్డుపడినది పాత శీలప్రశ్న ఒక్కటే కాదు. సకాలంలో సేకరించవలసిన ఆధారాలు సేకరించకపోవడం. నిందితులూ దర్యాప్తు చేసేవారూ ఒకే శాఖవారు కావడం. తెలుగు మాతృభాష కాని స్త్రీల మాట అనువాదాల మీదుగా కోర్టుకు చేరవలసిరావడం. నిర్వచనాలు ఎంత మారినా, మొదటి కొన్ని గంటల దర్యాప్తు మారకపోతే న్యాయం మారదని ఈ తీర్పు తెలియజేస్తుంది. పరిహారం ఇవ్వమనడం వారికి ఏదో జరిగిందని ఒప్పుకోవడమే. ఎవరు చేశారో చెప్పలేకపోవడం రాజ్యం వైఫల్యం.

7. విచారణే లేని న్యాయం

అహల్య హెచ్చరికను తలకిందులుగా అర్థం చేసుకొనే ప్రమాదం ఒకటుంది. అది 2019లో జరిగింది. నవంబరు 27న శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య దేశాన్ని కలచివేశాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. జస్టిస్ సిర్పుర్కర్ కమిషను నివేదిక 2022 మేలో బయటకు వచ్చింది. కాల్పులు ఉద్దేశపూర్వకంగా జరిగాయని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని అది సూచించింది. విచారణ లేనిచోట బాధితురాలి కథ కూడా వినబడలేదు. ఏం జరిగిందో న్యాయస్థానంలో స్థిరపడే అవకాశం ఆ కాల్పులతోనే పోయింది.

ఆ ఆవేశంలోంచే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరు 13న దిశ బిల్లును ఆమోదించింది. స్పష్టమైన ఆధారాలున్న కేసుల్లో ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు, మరణశిక్ష అందులోని ప్రధానాంశాలు. రాష్ట్రపతి ఆమోదం లభించక అది చట్టరూపం దాల్చలేదు. అయితే 2020 ఫిబ్రవరి 8న రాజమహేంద్రవరంలో మొదటి దిశ పోలీసుస్టేషను ప్రారంభమైంది. రావులపాలెంనుంచి గౌతమి దాటి సుమారు 30 కిలోమీటర్ల దూరం.

వేగాన్ని న్యాయంగా పొరబడితే ఏమవుతుందో కృష్ణాతీరంలో మరో కేసు చూపింది. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం హాస్టలులో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. 2010లో ఒక యువకుడికి శిక్షపడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి అతడు ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. దోషి దొరకనందుకు ఆ అమ్మాయి కుటుంబానికి, దోషి కానందుకు ఆ యువకుడికి, ఇద్దరికీ అన్యాయమే జరిగింది. బాధితురాలికి న్యాయం, నిందితుడికి న్యాయమైన విచారణ ఒకదానికొకటి శత్రువులు కావు. దర్యాప్తు చెడితే రెండూ ఒకేసారి చెడతాయి. వర్మ కమిటీ అత్యాచారానికి మరణశిక్షను సిఫారసు చేయకపోవడం, పోలీసు, వైద్య, ప్రాసిక్యూషను వ్యవస్థల సంస్కరణపై దృష్టి నిలపడం ఈ వివేకంతోనే.

8. మాటల చెర

తెలుగు భాషాశాఖకు సన్నిహితమైన ప్రశ్న ఒకటి మిగిలింది. ఈ నేరానికి తెలుగులో ఉన్న పేర్లు ఏవి? మానభంగం, శీలహరణం, చెరచడం, పాడుచేయడం, బలాత్కారం, అత్యాచారం, లైంగికదాడి. మొదటి రెండూ నష్టాన్ని మానంలో, శీలంలో చూస్తాయి. తరువాతి రెండూ స్త్రీని చెడిన వస్తువుగా చూపుతాయి. ‘ఆమె చెడిపోయింది’ అన్న వాక్యంలో చెడిపినవాడు వ్యాకరణం నుంచే మాయమవుతాడు. బలాత్కారం చర్యను చెబుతుంది. లైంగికదాడి అన్న పదం మాత్రమే జరిగినదానిని దాడిగా, చేసినవాణ్ణి దాడి చేసినవాడిగా నిలబెడుతుంది. చట్టం కూడా ఈ చెర నుంచి పూర్తిగా విముక్తం కాలేదు. న్యాయసంహిత 74వ సెక్షన్ ఇప్పటికీ స్త్రీ ‘మర్యాదకు భంగం’ అన్న భావనతోనే నేరాన్ని నిర్వచిస్తున్నది.

ఈ పదాలు పుస్తకాల్లో ఉండిపోవు. కోనసీమలోని ఏ పల్లెనుంచైనా ఒక తల్లి తన కూతురితో రావులపాలెం ఠాణాకు వస్తే, ఆమె చెప్పేది ‘చేయకూడని పని చేశాడు’ అని కావచ్చు. ‘పిల్లని పాడుచేశాడు’ అని కావచ్చు. ఆ మాటను ఫిర్యాదుగా రాసే చేయి ఆమెది కాదు. ఆమె సంకోచంతో వదిలిన వివరం ఫిర్యాదులో ఉండదు. తరువాత కోర్టులో ఆమె ఆ వివరం చెబితే, మొదట చెప్పలేదు కనుక అది కల్పన అంటారు. సాక్ష్యం తరచుగా ఇంగ్లీషులో నమోదవుతుంది కనుక ఆమె మాట మరోసారి మారుతుంది. వాల్మీకి కావ్యంలోని రెండు వాంగ్మూలాలు ఇక్కడ మళ్లీ పుడతాయి.

ఠాణాకు రావడానికి ముందే మరో విచారణ ఉంటుంది. గోదావరి పల్లెల్లో దానిని ‘పెద్దల్లో పెట్టడం’ అంటారు. కులపెద్దలు కూర్చుని, డబ్బుతోనో, పెళ్లితోనో రాజీ కుదురుస్తారు. రెండు పక్షాల కులాలు వేరైనప్పుడు, ఆ కులాల బలాలు సమానం కానప్పుడు ఆ రాజీ ఎవరికి అనుకూలమో చెప్పనక్కరలేదు. అత్యాచారం రాజీపడదగిన నేరం కాదు. పక్షాలు రాజీపడ్డాయన్న కారణంతో శిక్ష తగ్గించరాదని సుప్రీంకోర్టు 2013లో స్పష్టంచేసింది. 2021 మార్చిలో, నిందితుడు బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలన్న బెయిలు షరతును కొట్టివేస్తూ, న్యాయమూర్తులు అటువంటి మాటలకు దూరంగా ఉండాలని ఆదేశించింది. పెద్దల్లో పెట్టడం అనే సంస్కారం న్యాయపీఠం దాకా కూడా పాకగలదని ఆ షరతు తెలియజేస్తుంది.

2024 నుంచి అమలులో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత ఈ దారిలో కొన్ని మెట్లు వేసింది. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు నమోదుచేయాలి. మహిళాధికారి బాధితురాలి మాటను రాసుకోవాలి. వైద్యుడు పరీక్షనివేదికను ఏడురోజుల్లో పంపాలి. దర్యాప్తు రెండునెలల్లో పూర్తికావాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభైరోజుల్లో బాధితురాలికి తెలియజేయాలి. ఫిర్యాదు నమోదుచేయని అధికారికి శిక్ష ఉంది. అయితే భర్త బలవంతం ఇంకా నేరం కాదు. 63వ సెక్షన్ నిర్వచనంలో పురుషులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు బాధితులుగా లేరు. నియమం ఉన్నచోట కూడా దానిని నెరవేర్చే మనిషి కావాలి. ఫిర్యాదుదారు మాటను ఆమె పలికినట్లే, ఆమె తెలుగులోనే, వీలైతే ధ్వనిముద్రణతో సహా నమోదు చేయడం. మొదటినుంచి చివరిదాకా వెంట ఒక సహాయకురాలు ఉండడం. పరిహారాన్ని తీర్పు కోసం ఆపకుండా చికిత్స సమయంలోనే మధ్యంతరంగా చెల్లించడం వంటివి కొత్త నిర్వచనాలు అడగవు. ఉన్న చట్టాన్ని ఊరిదాకా తీసుకురావడమే అడుగుతాయి.

9. ముగింపు

అహల్య వృత్తాంతాన్ని తెలుగు పరంపర ప్రధానంగా ఒకే ప్రశ్నతో చదివింది: ఆమెకు తెలుసా? ఓల్గా ఆ ప్రశ్న ఎవరి అవసరమని అడిగింది. లైంగికదాడి చట్టాల సంస్కరణ ఆ ప్రశ్నను క్రమంగా మార్చింది: అతడు ఏం చేశాడు? ఆమె సమ్మతి తెలిపిందా? రమీజాబీ ఉదంతం మొదటి ప్రశ్న ఎంత క్రూరమైనదో చూపింది. వాకపల్లి స్త్రీలు రెండో ప్రశ్నను రాజ్యం చేత అడిగించడానికి పదిహేనేళ్లు పట్టుదలతో నిలిచారు. చటాన్‌పల్లి కాల్పులు అసలు ప్రశ్నే లేకుండా చేశాయి. ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడు ‘విచారణకు అంగీకరించవద్దు’ అన్న మాటకు కొత్త అర్థం ఏర్పడుతుంది. నిన్ను దోషిగా నిలబెట్టే విచారణకు అంగీకరించవద్దు. అతణ్ణి నిలబెట్టే విచారణను వదులుకోవద్దు. ‘మృణ్మయనాదం’ మొదటి సగాన్ని చెప్పింది. రెండో సగాన్ని చెప్పినవారు కావ్యాలు రాసినవారు కాదు, ఠాణామెట్లు ఎక్కినవారు.

రాముడి పాదం తగిలి రాయి స్త్రీ అయిందని జనశ్రుతి. వాల్మీకి బాలకాండలో మాత్రం అహల్య రాయి కాదు. అక్కడే ఉన్నది, బతికే ఉన్నది. ఎవరికీ కనబడకపోవడమే ఆమె శాపం. గౌతమి ఒడ్డున ఏ ఠాణాలోనైనా, ఏ కోర్టులోనైనా సంస్కరణ అన్నదానికి కనీసార్థం ఆ శాపాన్ని తొలగించడమే. ఎదురుగా నిలిచి మాట్లాడుతున్న మనిషిని చూడటం, ఆమె చెప్పింది ఆమె చెప్పినట్లే రాసుకోవడం.